ఆరు నిమిషాలు పదిసార్లు దొరికితే గంట అవుతుందా?

ఒక మంగళవారం పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా నాకు దొరికిన ఖాళీ నిమిషాలన్నీ డైరీలో రాసుకున్నాను. మా విశాఖ గాజువాకలో బస్సు కోసం 9 నిమిషాలు. బ్యాంకులో కంప్యూటర్ లాగిన్ అయ్యేలోపు 4. భోజనం చేశాక మళ్ళీ కౌంటర్లో కూర్చునేదాకా 8. మీటింగ్‌కి అందరూ చేరేలోపు 12. సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు కోసం 14. గాజువాకలో దిగాక షేర్ ఆటో నిండేదాకా 6. కుక్కర్ కూతల కోసం పొయ్యి దగ్గర 10. పాప ట్యూషన్ గేటు బయట 7. కూడితే 70 నిమిషాలు.

ఆ అంకె చూసి ఎంత ఉత్సాహం వచ్చిందో చెప్పలేను. అప్పటికే జేఏఐఐబీ పరీక్షకి ఫీజు కట్టి ఉన్నాను. బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష అది, అందులో అకౌంటింగ్ పేపరంటే నాకు టెన్షన్. రోజుకు 70 నిమిషాలంటే వారానికి ఆరు రోజులే లెక్కేసుకున్నా ఏడు గంటలు. నెల తిరిగేసరికి పుస్తకం అయిపోవాలి. బ్యాగులో పెట్టుకుని తిరిగాను. వారం తర్వాత చూస్తే డిప్రిసియేషన్ (వాడేకొద్దీ యంత్రాల్లాంటి వాటి విలువ తగ్గడం) చాప్టర్లో నాలుగు పేజీలు దాటలేదు. అందులో మొదటి పేజీనే ఐదారుసార్లు చదివి ఉంటాను.

‘క్షణశః కణశశ్చైవ విద్యామర్థం చ సాధయేత్’ అని స్కూల్లో నేర్పారు. క్షణం క్షణం కూడబెట్టి చదువు, కణం కణం కూడబెట్టి డబ్బు సంపాదించుకోమని. డబ్బు విషయంలో ఇది అక్షరాలా నిజం. డబ్బాలో వేసినా, దిండు కింద పెట్టినా రూపాయి రూపాయే, వంద కలిస్తే వందే. నిమిషాలు మాత్రం అలా కలవవు. ఎందుకు కలవవో అర్థమైతే గానీ, వాటితో ఏ పని చేయించుకోవచ్చో, ఏది చేయించుకోకూడదో తెలియదు. నాకు అర్థం కావడానికి ఒక పరీక్ష పోయినంత పనైంది.

డిప్రిసియేషన్ లెక్కే తీసుకోండి. మెషిన్ ధర ఎంత, ఎన్నేళ్ళు పనిచేస్తుంది, చివర్లో తుక్కు కింద ఎంత వస్తుంది, ఏటా ఒకే మొత్తం తగ్గించే స్ట్రెయిట్ లైన్ పద్ధతా, మిగిలిన విలువలో శాతం తగ్గించే రిటెన్ డౌన్ వాల్యూ పద్ధతా. ఇవన్నీ బుర్రలోకి తెచ్చుకుంటే గానీ పెన్ను కదలదు. నాకు దానికే ఐదు నిమిషాలు పడుతుంది. ఒకేసారి గంట కూర్చుంటే ఆ ఐదు పోయినా 55 మిగులుతాయి. అదే గంట ఆరేసి నిమిషాల పది ముక్కలుగా దొరికితే, ప్రతి ముక్కలోనూ ఐదు నిమిషాలు గుమ్మం దగ్గరే అయిపోతాయి. లోపల గడిపేది మొత్తం పది నిమిషాలు. ఆ పదిలో కూడా సగం బస్సు వస్తోందా లేదా అని రోడ్డు చూడటానికి సరి.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్ళినప్పుడు మనసంతా మనతో రాదు. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. మొదటి పని సగంలో ఉండగా రెండో పనికి మారినవాళ్ళ ధ్యాస కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది, దాంతో కొత్త పని సరిగ్గా సాగదు. ఇది నాకు రోజూ కౌంటర్లో అనుభవమే. పెన్షన్ కోసం ఒక పెద్దాయన ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్ర పడక సగంలో ఆగిందనుకోండి, భోజనం తర్వాతి ఎనిమిది నిమిషాల్లో ఏ పేజీ తెరిచినా ఆయన ముఖమే కనిపిస్తుంది. అది నా బద్ధకం కాదు. తెగని పని మనసుని వదలదు, అంతే.

మరి ముక్కలు ముక్కలుగానే పని చేసుకుంటూ బతికేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. పూర్ణా మార్కెట్‌లో పూలమ్మే ఒకావిడ దగ్గర శ్రావణ శుక్రవారం ముందురోజు పావుగంట నిలబడ్డాను. ఎడమచేతి వేళ్ళ మధ్య దారం, ఒడిలో తడి గుడ్డ మీద మల్లెలు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెడుతుంది, దారం ఒక చుట్టు తిప్పి లాగుతుంది. ముడి. మళ్ళీ రెండు ఇటు, రెండు అటు. ఆ పావుగంటలో ఎనిమిదిసార్లు ఆపింది. ఒకరికి రెండు మూరలు కొలిచింది, ఇంకొకరికి చామంతులు తూచింది, పక్క బండి అబ్బాయికి చిల్లర ఇచ్చింది, క్యూఆర్ కోడ్ డబ్బా డబ్బులు పడ్డాయని చెప్పేదాకా ఆగింది. ప్రతిసారీ దండ ఒళ్ళో జారవిడిచి, తిరిగి అందుకున్న మరుక్షణం మొదలుపెట్టింది. ఎక్కడ ఆపానా అని ఒక్కసారి కూడా వెతుక్కోలేదు.

“ఇన్నిసార్లు ఆపితే విసుగు రాదామ్మా?” అన్నాను.

“ఏటి విసుగు తల్లీ? ముడి పడ్డాక పువ్వు ఎక్కడికెల్తాది?”

ఈ విషయం మీద నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆవిడ పనిలో ప్రతి నాలుగు మొగ్గలకీ ఒక ముడి ఉంది. ఎక్కడ ఆపినా అప్పటిదాకా చేసింది నిలబడి ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో దారమే చెబుతుంది. నా డిప్రిసియేషన్ లెక్కకి ముడి లేదు. సగంలో వదిలితే జారిపోతుంది. కాబట్టి నేను అడగాల్సింది ‘ఎన్ని నిమిషాలున్నాయి’ అని కాదు. ‘ఈ పనికి ముడి ఎంతసేపట్లో పడుతుంది’ అని.

చదువులో ముడి త్వరగా పడేది ఏదంటే, మన బళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే: అప్పజెప్పడం. పుస్తకం మూసి, చదివింది నోటికి తెచ్చుకోవడం. ఎక్కాలు, పద్యాలు అలాగే కదా వచ్చింది మనకి. బట్టీ అని దాన్ని తీసిపారేశాం గానీ, బట్టీ వేరు, అప్పజెప్పడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు, కొందరిని ఒకసారి చదివి చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే తారుమారైంది. చూడకుండా రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మళ్ళీ చదువుతుంటే ‘ఇది నాకు వచ్చు’ అనిపిస్తుంది. వచ్చో రాదో తెలిసేది పుస్తకం మూసినప్పుడే.

ఇంకా పాత సంగతి ఒకటి. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తనమీద తానే చేసుకున్న ప్రయోగాలు ప్రచురించారు. అర్థంలేని అక్షరాల వరుసలు కంఠతా పట్టి, ఎన్నిసార్లు వల్లిస్తే ఎంత నిలుస్తుందో లెక్కపెట్టారు. ఒకేరోజు 68 సార్లు వల్లిస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పరిచి 38 సార్లు వల్లిస్తేనే వచ్చింది. అంటే గుర్తుపెట్టుకోవాల్సిన విషయానికి ముక్కలైన సమయం లోపం కాదు, మేలు. మధ్యలో వచ్చే విరామమే పని చేస్తుంది. అర్థం చేసుకోవాల్సిన విషయం వేరు. దానికి గుమ్మం దాటి లోపల కూర్చోవాలి.

ఈ రెండూ విడదీశాక నా బ్యాగు బరువు తగ్గింది. పుస్తకం ఇంట్లో వదిలేశాను. రాత్రి పడుకునే ముందు తెల్లకాగితం సగానికి చింపి, ఒకవైపు ఎనిమిది ప్రశ్నలు, వెనక జవాబులు రాసుకుంటాను. ‘చెక్కు ఎన్నాళ్ళు చెల్లుతుంది?’ వెనక: మూడు నెలలు, 2012 ఏప్రిల్ 1 నుంచి. ‘సెక్షన్ 138 దేని గురించి?’ వెనక: చెక్ బౌన్స్, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881. నాలుగు మడతలు పెట్టి బస్ పాస్‌తో పాటు పర్సులో పెట్టుకుంటాను. ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక ముడి. బస్సు వచ్చిందా, మడిచి లోపల పెట్టడమే. ద్వారకానగర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లల్ని రోజూ బస్సులో చూస్తుంటాను. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో పీడీఎఫ్ పైకీ కిందకీ జరుపుతుంటారు. ఆ కష్టం చూస్తే మనసు చివుక్కుమంటుంది. అదే పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి, నిన్న చదివిన పాఠం తలలోనే అప్పజెప్పుకుంటే కళ్ళకి శ్రమ ఉండదు, ఎక్కువ నిలుస్తుంది.

ఖాళీలన్నీ ఒక రకం కావు కూడా. బస్‌స్టాప్‌లో 14 నిమిషాలు దొరికినా, అవి 14 అని నాకు తెలిసింది బస్సు వచ్చాకే. చెవి, కన్ను రోడ్డు మీదే. బస్సెక్కి సీటు దొరికిందా, ఎన్‌ఏడీ దాటి తాటిచెట్లపాలెం, గురుద్వారా మీదుగా మద్దిలపాలెం చేరేదాకా ఎవరూ పిలవరు. అది గట్టి ఖాళీ. ఆసుపత్రి ఓపీలో గంట కూర్చున్నా అది గంట కాదు, ఎప్పుడు నంబర్ పిలుస్తారో అని చెవి అక్కడే ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం కూడా కుదరదు. పొయ్యి దగ్గర చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీ. ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడాలంటే అదే సమయం. మా అమ్మతో రోజూ మాట్లాడేది బీన్స్ తరుగుతూనే. నిమిషాల పొడవు కంటే, ముగింపు మనకి ముందే తెలుసా, చేతులు ఖాళీనా, కళ్ళు ఖాళీనా అన్నదే ఎక్కువ తేల్చేస్తుంది.

పొడవు విషయంలో నేను పాటించే హద్దు మన పాత లెక్కలోనే ఉంది. రోజుకు 60 గడియలు, గడియకి 24 నిమిషాలు. ‘గడియ తీరిక లేదు’ అని నాన్నమ్మ అంటుంటే ఊరికే మాట అనుకునేదాన్ని. చేసి చూస్తే అది చాలా సరైన కొలత. గడియ కంటే తక్కువ ఖాళీలో కొత్త విషయం మొదలుపెట్టను. పాతది అప్పజెప్పుకుంటాను, లేదా కాలు కదుపుతాను.

కాలు కదపడం గురించి ఒక్క మాట. 2019లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు వ్యాయామం అలవాటు లేని యువత చేత 60 మెట్లు వేగంగా ఎక్కించారు. రోజుకు మూడుసార్లు, మధ్యలో గంటల ఎడంతో, వారానికి మూడు రోజులు. ఆరు వారాల్లో వాళ్ళ దమ్ము, అంటే గుండె, ఊపిరితిత్తుల సత్తువ, 5 శాతం దాకా పెరిగింది. చిన్న పెరుగుదలే, కానీ ఒక్కోసారి పట్టింది నిమిషం లోపే. సింహాచలం మెట్లు ఎక్కే ఊరు మనది. అయినా అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ కిందికి వచ్చేదాకా మూడు నిమిషాలు నిలబడతాం. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే ఎక్కాలి.

ఇదంతా తెలిసినా ఖాళీ దొరకగానే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. దాన్ని బలహీనత అని తిట్టుకోవడం అనవసరం. ఫోన్‌కి గుమ్మం లేదు. బొటనవేలు పెడితే లోపల ఉంటాం. అంత తేలికైన దానితో ‘ఇప్పుడు ఏం చేద్దాం’ అన్న ఆలోచన పోటీపడలేదు. ఆ ఆలోచనకే రెండు నిమిషాలు కావాలి కాబట్టి. అందుకే ఖాళీ దొరికాక నిర్ణయించుకోకూడదు, ముందే నిర్ణయించుకుని ఉండాలి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో దీని మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి రాశారు. ‘బాగా చదవాలి’ అనుకోవడం కంటే ‘ఫలానా చోట, ఫలానా సమయంలో, ఫలానా పని’ అని ముందే ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. నావి రెండే. షేర్ ఆటోలో కూర్చోగానే పర్సులోంచి కాగితం. ట్యూషన్ గేటు దగ్గర స్కూటీ స్టాండ్ వేయగానే ఆ వీధి చివరిదాకా నడక. మూడోది పెట్టుకుంటే మొదటి రెండూ పోయాయి. తీసేశాను.

సగంలో ఆగిన పనికి కూడా మందు ఉంది. తెగని పని తలలో తిరుగుతూనే ఉంటుందని చెప్పాను కదా. మాసికాంపో, బామీస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించినదేమిటంటే, ఆ పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో కచ్చితంగా రాసి పెట్టుకుంటే చాలు, అది తొలచడం తగ్గుతుంది. ఇప్పుడు భోజనానికి లేచే ముందు అర నిమిషం ఆగి చీటీ మీద రాస్తాను: ‘పెన్షన్ తాతగారు, 2.15కి రెండో మెషిన్ మీద వేలిముద్ర, కుదరకపోతే మేనేజర్ గారికి చెప్పాలి.’ కీబోర్డ్ కింద పెట్టి లేస్తాను. అన్నం అన్నంలా తినగలుగుతున్నాను.

అయితే ప్రతి ఖాళీనీ నింపేయాలా? నా సమాధానం గట్టిగా, వద్దు. 2014లో టిమోతీ విల్సన్ బృందం సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టారు. చిన్న కరెంటు షాకిచ్చే బటన్ ఒకటి ఉంది. అంతకు ముందే దాని నొప్పి చూసి, ఇది తప్పించుకోవడానికి డబ్బులిస్తాం అన్నవాళ్ళు కూడా, ఊరికే కూర్చోలేక నొక్కుకున్నారు. 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు. చదివినప్పుడు భయమేసింది. ఊరికే కూర్చోవడం మనం మర్చిపోతున్న విద్య.

ఊరికే కూర్చున్నప్పుడు మెదడు పడుకోదు. శరీరం బరువులో అది 2 శాతమే, కానీ మనం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. పని చేస్తున్నప్పటికీ ఊరికే ఉన్నప్పటికీ ఆ ఖర్చులో తేడా చాలా కొద్ది. మార్కస్ రైకిల్ అనే నాడీ శాస్త్రవేత్త 2001లో తన బృందంతో కలిసి చూపించిన దాని ప్రకారం, పని ఆపినప్పుడే చురుగ్గా ఉండే మెదడు భాగాలు కొన్ని ఉన్నాయి. జరిగింది నెమరేసుకోవడం, రాబోయేది ఊహించుకోవడం, మన గురించి మనం ఆలోచించుకోవడం, ఇలాంటివి వాటితో ముడిపడినవి. మద్దిలపాలెంలో సాయంత్రం 14 నిమిషాలు నేను ఏమీ చెయ్యను. కాగితం తీయను, ఫోన్ తీయను. సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర నిప్పులు విసురుతుంటారు, చూస్తుంటాను. పాప వారం రోజులుగా ఎందుకు ముభావంగా ఉందో నాకు తట్టింది అక్కడే.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఇంత చేసినా డిప్రిసియేషన్ చాప్టర్ కదల్లేదు. కదలదు కూడా. దానికి ఒక్కముక్కగా ముప్పావు గంట కావాలి, అది ఖాళీల్లోంచి పుట్టదు. ఎక్కడి నుంచైనా రావాలి. ‘క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు’ అనే సామెత మన ఇళ్ళలో ఎవరి గురించి పుట్టిందా అనిపిస్తుంది నాకు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దాని మీద గడిపేవారు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు అందులో చెయ్యి పెట్టే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. ఇలాంటి రోజున్న మనిషికి ‘ఖాళీ నిమిషాలు వృథా చేయకు’ అని చెప్పడం అన్యాయం. ఆవిడ ఖాళీలో చింతచిగురు ఏరుతోంది, టీవీ చూస్తూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, రేపటి యూనిఫాం ఆరిందో లేదో చూస్తోంది. ఆవిడకి కావాల్సింది నిమిషాలు వాడుకునే చిట్కా కాదు. ఇంకొకరు వచ్చి ఒక పని పూర్తిగా తీసుకోవడం. ‘సాయం చేస్తా, ఏం చెయ్యాలో చెప్పు’ అంటే కాదు. చెప్పడం, గుర్తుపెట్టుకోవడం, కనిపెట్టుకుని ఉండటం మళ్ళీ ఆవిడ మీదే పడతాయి.

మంగళవారం రాసిన డైరీ పేజీ మా ఆయన ముందు పెట్టాను. ఆయనది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. చాలాసేపు చూశారు. తర్వాత ఆయనే పెన్ను తీసి క్యాలెండర్ మీద గుర్తులు పెట్టారు. ‘ఏ’ షిఫ్ట్ (పొద్దున డ్యూటీ) వారంలో మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు కాబట్టి సాయంత్రం వంట ఆయనది. కూర ఏదో తేల్చుకోవడం, రైతుబజార్‌కి వెళ్ళడం, గిన్నెలు సర్దడంతో సహా. ‘బీ’ షిఫ్ట్ (మధ్యాహ్నం డ్యూటీ) వారంలో పొద్దున్న టిఫిన్, పాప క్యారేజీ. మొదటి రెండు రోజులు నేను గది తలుపు తీసుకుని వెళ్ళి పప్పు ఉడికిందేమో చూసి వచ్చాను. మూడో రోజు పాప నన్ను గుమ్మంలోనే ఆపి తలుపు వేసింది.

గురువారం ఏడుంపావుకి కూర్చున్నాను. మెషిన్ ధర, ఆయుష్షు, తుక్కు విలువ. ఐదు నిమిషాలు పట్టింది లోపలికి వెళ్ళడానికి, ఎప్పటిలాగే. ఎనిమిదికి చాప్టర్ చివరి లెక్క తేలింది. తలుపు అవతల మా ఆయన పోపులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలని అడిగారు. పాప చెప్పింది.